ఇంజను విప్పిన ఎమీ జాన్సన్

మన గోడ పత్రికలో అల్లూరి సీతారామరాజు గారి గురించి వచ్చింది, కొమరం భీం గురించి వచ్చింది, మేడం క్యూరీ గురించి వచ్చింది. ఈసారి నేను ఎమీ జాన్సన్ గురించి రాస్తున్నాను. 1930లో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా దాకా ఒంటరిగా విమానం నడుపుకుంటూ వెళ్ళిన మొదటి స్త్రీ ఆమె. జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఈ ఒక్క వాక్యమే ఉంటుంది. అంతకు ముందు ఏడాది ఆమె ఏం చేసిందో ఉండదు. నాకు మాత్రం ఆ ముందు ఏడాదే ముఖ్యమనిపించింది. ఆ ఏడాది ఆమె ఒక షెడ్డులో చేతులకు గ్రీజు పూసుకుని విమానం ఇంజను విప్పడం, బిగించడం నేర్చుకుంది. ఆ పని నేర్చుకోకపోతే దారిలోనే ఆగిపోయేదని నా నమ్మకం. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఎమీ 1903 జూలై 1న ఇంగ్లండులోని హల్ అనే రేవు పట్టణంలో పుట్టింది. తండ్రి చేపల వ్యాపారి. నలుగురు ఆడపిల్లల్లో ఈమే పెద్దది. ఇల్లు గడవని కుటుంబమేమీ కాదు, బాగానే ఉన్నవాళ్ళు. షెఫీల్డ్ యూనివర్సిటీలో చదివి 1925లో బి.ఏ. పాసయ్యింది, అర్థశాస్త్రం. తర్వాత లండన్ చేరి ఒక లాయర్ల ఆఫీసులో టైపు కొట్టే ఉద్యోగంలో కుదిరింది. బి.ఏ. చదివిన అమ్మాయికి ఆ రోజుల్లో అక్కడ కూడా అంతకంటే పెద్ద పని దొరకడం కష్టంగానే ఉండేది.

లండన్ శివార్లలో స్టాగ్ లేన్ అని ఒక విమానాల మైదానం ఉండేది. డి హావిలాండ్ అనే కంపెనీ వాళ్ళు అక్కడ చిన్న విమానాలు తయారుచేసేవాళ్ళు. లండన్ ఏరోప్లేన్ క్లబ్బు కూడా అక్కడే. ఎమీ 1928 సెప్టెంబరులో ఆ క్లబ్బులో చేరి ఎగరడం నేర్చుకోవడం మొదలుపెట్టింది. మొదటి రోజే చుక్కెదురైంది. ఆమెకు ఇచ్చిన తోలు టోపీ పెద్దదైపోయి, మాస్టారు చెప్పే మాటలు చెవులకు సరిగ్గా వినబడలేదు. నీకు ఈ విద్య రాదని ఆయన తేల్చేశాడు. ఆమె మానలేదు. ఒంటరిగా ఎగరడానికి ముందు మాస్టారితో దాదాపు 16 గంటలు నేర్చుకోవలసి వచ్చింది. చురుకైన వాళ్ళకు అందులో సగం చాలు. అంటే ఆమె పుట్టుకతో వచ్చిన పైలట్ ఏమీ కాదు. 1929 జూన్‌లో మొదటిసారి ఒంటరిగా ఎగిరింది, జూలైలో పైలట్ లైసెన్సు వచ్చింది.

ఇక షెడ్డు సంగతి. విమానాలు పెట్టే పెద్ద షెడ్డును హ్యాంగరు అంటారు. క్లబ్బు మెంబర్లలో చాలామంది డబ్బున్నవాళ్ళు. వచ్చి, విమానం ఎక్కి, తిరిగి, దిగి వెళ్ళిపోయేవాళ్ళు. దాన్ని ఎవరు తుడిచారు, ఎవరు పానా పట్టుకుని నట్లు బిగించారు అని చూసేవాళ్ళు తక్కువ. ఎమీ మాత్రం ఆ షెడ్డు వైపు చూసింది. అక్కడ జాక్ హంఫ్రీస్ అనే ఆయన ఉండేవాడు. క్లబ్బు విమానాలన్నిటికీ ఆయనే గ్రౌండ్ ఇంజనీరు. ఇప్పుడు మనం విమాన మెయింటెనెన్స్ ఇంజనీరు అంటున్నామే, అదే పని. తనకు పని నేర్పమని ఎమీ ఆయన్ను అడిగింది.

ఇది ఫారం నింపి పోస్టులో పంపిన దరఖాస్తు కాదు. మామూలుగా అక్కడ మగపిల్లలు పదిహేను, పదహారేళ్ళకే ఇలాంటి పనుల్లో అప్రెంటిసులుగా చేరేవాళ్ళు. ఈమెకు అప్పటికే పాతికేళ్ళు దాటాయి. పైగా ఆడపిల్ల, పైగా బి.ఏ. షెడ్డులోని వాళ్ళు మొదట్లో వింతగానే చూశారు. హంఫ్రీస్ గారు మాత్రం సరేనన్నాడు. నన్నడిగితే ఈ కథలో సగం గొప్పతనం ఆయనది. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని లోపలికి రానిచ్చే వాళ్ళు ఎప్పుడూ తక్కువే ఉంటారు.

ఆమె పొద్దున్నే ఆఫీసుకు ముందే షెడ్డుకు వచ్చి పనిచేసి, చేతులు కడుక్కుని టైపు కొట్టడానికి వెళ్ళేది. సాయంత్రం మళ్ళీ వచ్చేది. చివరికి ఉద్యోగమే మానేసింది. ఖర్చులకు నాన్న డబ్బు పంపడానికి ఒప్పుకున్నాడు. ఇక రోజంతా షెడ్డులోనే. జీతం లేదు. ఊడ్చడం, తుడవడం, నూనె మరకలు కడగడం, ఆ తర్వాతే పానా చేతికి రావడం. షెడ్డులో వాళ్ళు ఆమెను జానీ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరుతో పిలిచారంటే తమలో ఒకటిగా కలుపుకున్నారనే కదా అర్థం.

అప్పటి విమానాలు ఎలా ఉండేవో చెబుతాను, లేకపోతే ఆ పని అర్థం కాదు. క్లబ్బులో ఉన్న మాత్ అనే రకం విమానానికి పైన ఒక రెక్క, కింద ఒక రెక్క. రెక్క అంటే ఇనుప రేకు కాదు. సన్నని కర్ర పుల్లలతో చట్రం కట్టి, దాని మీద గుడ్డ తొడిగి కుట్టేవాళ్ళు. గుడ్డ మీద డోప్ అనే ఘాటైన వార్నిషు పూసేవాళ్ళు. అది ఆరేకొద్దీ గుడ్డ బిర్రుగా బిగుసుకుంటుంది. మన డప్పును మంట దగ్గర కాస్తే తోలు బిగుస్తుంది చూడండి, అట్లాగన్నమాట. గుడ్డ వదులైతే రెక్కకు బలం ఉండదు. ఎక్కడ చిరిగినా వెంటనే అతుకు వేసి మళ్ళీ డోప్ పుయ్యాలి.

ఇంజను పేరు జిప్సీ. నాలుగు సిలిండర్లు, 100 గుర్రాల బలం. దాన్ని చల్లబరచడానికి నీళ్ళు ఉండవు, తగిలే గాలే. ఎగిరి దిగిన ప్రతిసారీ దాన్ని చూసుకోవాలి. నూనె మార్చాలి, ప్లగ్గులు విప్పి మసి గీకాలి, వాల్వుల సందు కొలిచి సరిచెయ్యాలి, గ్రీజు పెట్టాలి. పెట్రోలును మెత్తని తోలుగుడ్డలోంచి వడగట్టాలి, ఎందుకంటే అందులో నీటి చుక్క ఉన్నా, నలుసు ఉన్నా పైకి వెళ్ళాక ఇంజను ఆగిపోతుంది. మన బోరింగు చెడిపోతే పైపులు బయటికి లాగి, వాషరు మార్చి, నీళ్ళు వచ్చేదాకా కొడతారు. రాకపోతే మళ్ళీ విప్పుతారు. విమానంలో ఆ వీలు లేదు. తప్పు కిందే పట్టుకోవాలి, పైన ఆగితే మళ్ళీ విప్పడం ఉండదు.

అందుకే ప్రభుత్వం ఆ పనికి లైసెన్సు పెట్టింది. విమానం ఒంటికి వేరు, ఇంజనుకు వేరు. ఎగరబోయే ముందు చూసేవాళ్ళకు ఒకటి, పూర్తిగా విప్పి బిగించాక చూసేవాళ్ళకు ఇంకొకటి. ఇలా ఎ, బి, సి, డి అని ఉండేవి. సి లైసెన్సు ఉన్నవాళ్ళు ఎగరబోయే ముందు ఇంజనును తనిఖీ చేసి, బాగుంది అని సంతకం పెట్టవచ్చు. ఆ సంతకం కింద ఒక మనిషి ప్రాణం ఉంటుంది. ఎమీ షెడ్డులో పని పూర్తి చేసి, ఎయిర్ మినిస్ట్రీ పరీక్షకు కూర్చుని, 1929లో ఆ సి లైసెన్సు సంపాదించింది. బ్రిటన్‌లో ఈ లైసెన్సు పొందిన మొదటి స్త్రీ ఆమే. ఆమె రికార్డుల్లో దీన్నే మొదట రాయాలని నేనంటాను.

(పెద్ద తరగతుల అన్నలకు, అక్కలకు ఒక మాట. మన దేశంలో ఇలాంటి లైసెన్సును ఇప్పుడు డీజీసీఏ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇస్తుంది. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. తర్వాత డీజీసీఏ ఒప్పుకున్న సంస్థలో చదవాలి, ఒక్కో పేపరు పాసవ్వాలి, నిజం విమానాల మీద పనిచేసిన అనుభవం చూపించాలి. బి1 అంటే ఇంజను, విమానం ఒళ్ళు. బి2 అంటే కరెంటు, రేడియో లాంటివి. శంషాబాద్ విమానాశ్రయంలో విమానాలు బాగుచేసే పెద్ద హ్యాంగర్లు ఉన్నాయి.)

లైసెన్సు వచ్చాక ఎమీకి ఆస్ట్రేలియా ఆలోచన పుట్టింది. 1928లో బెర్ట్ హింక్లర్ అనే ఆస్ట్రేలియా ఆయన ఇంగ్లండు నుంచి తన దేశానికి పదిహేనున్నర రోజుల్లో ఒంటరిగా ఎగిరి వెళ్ళాడు. ఆడవాళ్ళు ఎవరూ అలా ఒంటరిగా వెళ్ళలేదు. అప్పటికి ఎమీ చేసిన అతి పెద్ద ప్రయాణం లండన్ నుంచి తన ఊరు హల్‌కు. డబ్బు కోసం చాలామందికి ఉత్తరాలు రాసింది. చాలామంది కాదన్నారు. పౌర విమానయాన శాఖ పెద్ద సెఫ్టన్ బ్రాంకర్‌కు రాసిన ఉత్తరం మాత్రం పనిచేసింది. ఆయన నూనె వ్యాపారి లార్డ్ వేక్‌ఫీల్డ్‌కు చెప్పాడు. వేక్‌ఫీల్డ్ కొంత, నాన్న కొంత వేసుకుని సుమారు 600 పౌండ్లకు ఒక పాత జిప్సీ మాత్ కొనిపెట్టారు. దానికి ఆకుపచ్చ రంగు. ఎమీ దానికి జేసన్ అని పేరు పెట్టింది. అది వాళ్ళ నాన్న చేపల వ్యాపారం గుర్తు పేరు.

1930 మే 5న లండన్ పక్కన క్రాయిడన్ నుంచి బయలుదేరింది. సాగనంపడానికి వచ్చింది నాన్న, ఇంకొందరు, అంతే. పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. బరువు ఎక్కువై మొదటిసారి విమానం లేవనే లేదు, రెండోసారి లేచింది. రేడియో లేదు. తల మీద కప్పు లేదు, ఎండా వానా నేరుగా ముఖానికే. దూరం పోవడానికి అదనంగా పెట్టిన ట్యాంకులోంచి పెట్రోలును చేత్తో పంపు కొట్టి పైకి ఎక్కించాలి. ఆ వాసనకు కడుపులో తిప్పి వాంతులు అయ్యేవి. అయినా ఒక చేత్తో నడుపుతూ ఇంకో చేత్తో పంపు కొట్టేది.

వియన్నా, కాన్‌స్టాంటినోపుల్, అలెప్పో. బాగ్దాద్ దగ్గర ఇసుక తుఫానులో చిక్కుకుని ఎడారిలో దిగిపోయింది. తుఫాను తగ్గేదాకా విమానం ఎగిరిపోకుండా కాపలా కాసి, మళ్ళీ లేచింది. బాగ్దాద్‌లో దిగేటప్పుడు చక్రాల దగ్గరి ఊత విరిగితే అక్కడి సైనిక వర్క్‌షాపు వాళ్ళు చేసిపెట్టారు. ప్రతిరోజూ దిగాక ఆమె పడుకునేది కాదు. మొదట ఇంజను చూసుకునేది. నూనె, ప్లగ్గులు, వాల్వులు, వడగట్టడం. అన్నీ అయ్యాక రెండు మూడు గంటలు నిద్ర, తెల్లవారకముందే మళ్ళీ ప్రయాణం. ఆరో రోజు కరాచీ చేరింది. హింక్లర్ కంటే రెండు రోజులు ముందు! అప్పుడు పత్రికలకు మెలకువ వచ్చింది.

మన దేశం మీదుగా కూడా వచ్చింది. కరాచీ నుంచి అలహాబాదు పోవాలి. ఎదురుగాలి వల్ల పెట్రోలు అడుగంటి ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దిగింది. చెట్ల మధ్య నుంచి దూసుకుపోయి ఒక రెక్క దెబ్బతింది. అక్కడివాళ్ళ సాయంతో దాన్ని బాగుచేసుకుని, అలహాబాదులో ఆగి, కలకత్తా చేరింది.

తర్వాత జరిగింది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అది మనలాంటి పిల్లల కథ కూడా. మే 13న కలకత్తా నుంచి బర్మాలోని రంగూన్‌కు బయలుదేరింది. వాన కుండపోత. రంగూన్‌లో గుర్రప్పందేల మైదానంలో దిగాలి. మబ్బుల్లోంచి కిందికి చూస్తే ఒక పచ్చని మైదానం కనబడింది, దిగేసింది. అది గుర్రప్పందేల మైదానం కాదు. రంగూన్ దగ్గర ఇన్‌సేన్ అనే ఊళ్ళో టెక్నికల్ విద్యాలయం పిల్లలు ఆడుకునే మైదానం. గోలుపోస్టులు కూడా ఉన్నాయి. విమానం ఆగలేక ఒక గుంటలో పడింది. ముందుండే పంకా విరిగింది, రెక్క చిరిగింది, చక్రాల దగ్గర దెబ్బతింది.

అయితే దిగింది ఎక్కడ? టెక్నికల్ స్కూల్లో! అక్కడి మాస్టార్లు, విద్యార్థులు అందరూ కదిలి వచ్చారు. వాన కురుస్తూనే ఉంది. రెక్కలో విరిగిన పుల్లల చోట కొత్త పుల్లలు చేశారు. పంకాకు ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఆమె ముందుచూపుతో ఇంకో పంకాను విమానం ఒంటికి కట్టి తెచ్చుకుంది. గుడ్డ దగ్గరే చిక్కు వచ్చింది. విమానం రెక్కకు వేసే గుడ్డ ఆ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది? ఎవరికో గుర్తొచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన విమానం గుడ్డను కొనుక్కుని కొందరు చొక్కాలు కుట్టించుకున్నారని. ఆ చొక్కాలు తెచ్చారు. విప్పి, రెక్కకు కుట్టారు. రెక్కగా ఉండవలసిన గుడ్డ చొక్కా అయ్యి, మళ్ళీ రెక్క అయ్యింది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు నవ్వుకున్నాను.

ఆ పిల్లలు చదివినది ఆ రోజు పరీక్షలో రాయలేదు, రెక్కకు బిగించారు. ఎమీ వాళ్ళ మధ్య చేరి పని చేసింది. తన విమానానికి ఏం కావాలో తనకు తెలుసు కాబట్టే వాళ్ళకు చెప్పగలిగింది. ఎగరడం ఒక్కటే తెలిసిన పైలట్ అయితే గట్టున కూర్చుని ఎవరైనా వచ్చి బాగుచేస్తారా అని ఎదురుచూడవలసి వచ్చేది. మే 16న జేసన్ మళ్ళీ లేచింది. హింక్లర్ రికార్డు మాత్రం ఆ మైదానంలోనే పోయింది.

మిగతా దారి కూడా సాఫీగా లేదు. జావా దీవిలో చోమల్ అనే చోట చెరకు తోటల దగ్గర దిగినప్పుడు, ఇల్లు కట్టడానికి పాతిన వెదురు గుంజలు రెక్కల్లోకి గుచ్చుకున్నాయి. అక్కడ చొక్కాలు కూడా లేవు. దెబ్బలకు అంటించే ప్లాస్టరు తెప్పించి చిల్లుల మీద అంటించింది. తిమోర్ దీవిలో దిగవలసిన చోటు కనబడక, పుట్టలున్న ఒక బీడులో హలిలులిక్ అనే పల్లె దగ్గర దిగింది. ఆ పల్లెవాళ్ళు గుంపుగా పరిగెత్తుకొచ్చారు. ఆమెకు భయం వేసింది. వాళ్ళు తీసుకెళ్ళి అక్కడి చర్చి ఫాదరుకు అప్పగించారు. ఆయన అన్నం పెట్టి, పడుకోవడానికి చోటిచ్చాడు. తెల్లవాళ్ళు రాసిన చాలా పుస్తకాల్లో ఇలాంటి చోట అడవి మనుషులు అని రాస్తారు. నేను అట్లా రాయను. రాత్రి పూట దారి తప్పి వచ్చిన మనిషిని భద్రంగా చేర్చిన ఊరు అది.

అక్కడి నుంచి సుమారు 800 కిలోమీటర్లు సముద్రం. కింద నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఇంజను ఒక్కసారి ఆగితే అయిపోయినట్టే. తన చేత్తో విప్పి బిగించిన ఇంజను ఆగలేదు. 1930 మే 24న ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగింది. పందొమ్మిదిన్నర రోజులు, దాదాపు 18,000 కిలోమీటర్లు. రికార్డు రాలేదని ఆమె బాధపడింది. లోకం మాత్రం ఆమెను నెత్తిన పెట్టుకుంది. పాటలు కట్టారు. రాజుగారు సి.బి.ఇ. బిరుదు ఇచ్చాడు. ఒక దినపత్రిక 10,000 పౌండ్లు ఇచ్చింది. కానీ అలసిన మనిషి కదా, అయిదు రోజుల తర్వాత బ్రిస్బేన్‌లో జనం చూస్తుండగా దిగుతూ విమానం తలకిందులు చేసింది. పెద్ద దెబ్బలేమీ తగల్లేదు.

1931లో ఎమీ లండన్ నుంచి మాస్కోకు ఒక్క రోజులో చేరి, సైబీరియా మీదుగా టోక్యో దాకా వెళ్ళింది. ఈసారి విమానంలో ఆమెతో ఒకాయన ఉన్నాడు. ఎవరో చెప్పండి? జాక్ హంఫ్రీస్. తనకు పానా పట్టుకోవడం నేర్పిన గురువును వెంటబెట్టుకుని పోయింది. నాకు ఆమె ప్రయాణాలన్నిట్లో ఇదే ఎక్కువ ఇష్టం.

ఆ తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1932లో జిమ్ మాలిసన్ అనే పైలట్‌ను పెళ్ళి చేసుకుంది. అదే ఏడాది దక్షిణ ఆఫ్రికాలోని కేప్‌టౌన్‌కు ఒంటరిగా ఎగిరి, భర్త పెట్టిన రికార్డునే కొట్టేసింది. 1933లో ఇద్దరూ కలిసి అట్లాంటిక్ దాటారు. 1938లో విడిపోయారు. మహిళా ఇంజనీర్ల సంఘానికి కొంతకాలం అధ్యక్షురాలిగా కూడా ఉంది. ఆ సంఘానికి పైలట్‌గా కాదు, ఇంజనీరుగానే తగినదని నా అభిప్రాయం.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో ఎమీ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్సిలరీ అనే దళంలో చేరింది. సైన్యం విమానాలను ఫ్యాక్టరీల నుంచి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేయడం వాళ్ళ పని. 1941 జనవరి 5న ఒక ఆక్స్‌ఫర్డ్ రకం విమానాన్ని బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరున్న స్థావరానికి తీసుకెళ్ళాలి. గంటన్నర దారి కూడా కాదు. ఆ రోజు మంచు, మబ్బు. దారి తప్పి, చాలా దూరం పక్కకు పోయి, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట నీళ్ళలో పడింది. ఎందుకు పడిందని ఈ రోజుకీ వాదించుకుంటూనే ఉన్నారు. దగ్గర్లో హేజిల్‌మియర్ అనే నౌక ఉంది. దాని కెప్టెన్ వాల్టర్ ఫ్లెచర్ గడ్డకట్టే ఆ నీళ్ళలోకి దూకాడు. ఆమెను అందుకోలేకపోయాడు. పైకి లాగిన తర్వాత ఆయన కూడా బతకలేదు. ఎమీ సంచీ దొరికింది, ఎమీ దొరకలేదు. అప్పటికి ఆమెకు 37 ఏళ్ళు.

జేసన్ మాత్రం ఉంది. లండన్‌లోని సైన్స్ మ్యూజియంలో పైకప్పుకు వేలాడదీసి ఉంచారు. దాని పక్క మీద వెండి రంగులో ఆ పేరు రాసి ఉంటుంది.